పీట కాలు దానంతటదే విరిగిందా?

లంచ్ బెల్ తరువాత ఉలీటా టీచర్ బోర్డు మీద రెండు వాక్యాలు రాసింది. ‘పిల్లాడు నిద్రపోయాడు. పిల్లాడు అరటిగెల కోశాడు.’

“నిద్రపోవడానికి ఒక్కడు చాలు. మరి కోయడానికి?”

“కత్తి కావాలి టీచర్!” అన్నాడు మొసెసె. క్లాసంతా గొల్లుమంది.

“కత్తి సరే, కోయడానికి గెల కూడా ఉండాలి కదరా! అందుకే మన సమోవా భాషలో కోసినవాడి పేరు ముందు ‘ఎ’ అని చిన్న మాట పెడతాం. నిద్రపోయినవాడికి అదేం అక్కర్లేదు. నిద్రపోవడం అకర్మక క్రియ.”

“మా టోంగా భాషలోనూ అంతే టీచర్. ఇంగ్లిష్‌లోనే అలాంటి మాట లేదు,” అన్నాడు మొసెసె. వాళ్ల అమ్మానాన్నలది టోంగా.

“బాగా పట్టావు. నిద్రపోవడం లాంటి అకర్మక క్రియ ఇంకొకటి ఎవరు చెప్తారు?”

వెనక వరసలోని లోసా నోట్లోంచి మాట ఊడిపడింది. “పీట కాలు విరిగింది.”

“భేష్! ఇందులో పీట కాలు ఉంది. ఎవరు విరగ్గొట్టారో మాత్రం లేదు. మూడు భాషల్లోనూ ఇలా చెప్పొచ్చు.”

“భలే ఉందే! ఇకనుంచి ఇంట్లో ఏం పగిలినా ఇలాగే చెప్తా,” అన్నాడు మొసెసె.

“చెప్పు. మీ అమ్మ ఊరుకుంటుందా?”

మొసెసె బుర్ర గోక్కున్నాడు. “ఊరుకోదు టీచర్. ఎవరో ఒకర్ని పట్టుకుంటుంది. ఎక్కువగా మా తమ్ముణ్ని.”

అందరూ నవ్వారు. లోసాకు మాత్రం ఇంట్లో ఉన్న లావుపాటి పెపే అత్త గుర్తొచ్చింది.

పోయిన శుక్రవారం ఇంట్లో అందరూ కునుకు తీస్తుంటే, లోసా కొబ్బరి కోరే పీట ఎక్కి గుర్రప్పందెం ఆడింది. ఠప్పున కాలు విరిగింది. నానమ్మ లేచాక, “పీట కాలు విరిగింది నానమ్మా,” అంది. అది అబద్ధమేం కాదు కదా అనుకుంది.

“విరగదూ మరి! రోజూ దానిమీద కూర్చునేది మన పెపే కదా!” అంది నానమ్మ. ఇంటిల్లిపాదీ పకపకా నవ్వారు. పెపే అత్త కూడా నవ్వింది.

కానీ ఆ తరువాత అత్త కొబ్బరి కోరలేదు. ఊళ్లో అత్తలా సన్నగా కోరేవాళ్లే లేరు. నాన్న పక్కింటి పీట అడిగి తెస్తే, “వద్దులే, అదీ విరుగుతుంది,” అని పందులకు మేత వేసే వంకతో వెళ్లిపోయింది. ఆదివారం నాన్న కోరాడు. పెద్ద పెద్ద పెళ్లలు పడ్డాయి. అత్త సరిగా తినలేదు కూడా. అది చూసి లోసాకూ ముద్ద దిగలేదు.

బడి వదలగానే లోసా ఎక్కడా ఆగకుండా ఇంటికొచ్చింది. నానమ్మ విసనకర్రతో విసురుకుంటోంది. నాన్న కొబ్బరికాయలు పగలగొడుతున్నాడు. అత్త ఓ మూల బట్టలు మడత పెడుతోంది. సమోవాలో పెద్దవాళ్ల ముందు నిలబడి మాట్లాడకూడదు. లోసా చాప మీద మఠం వేసుకుని కూర్చుంది.

“పీట కాలు నేను విరగ్గొట్టాను. గుర్రప్పందెం ఆడుతూ.”

విసనకర్ర ఆగింది. “మరి ఆవేళ విరిగిందన్నావేమే?”

“నన్ను తీసేసి చెప్పాను నానమ్మా. మీరు అక్కడ అత్తను పెట్టేశారు.” ఇక ఆపుకోలేక ఏడ్చేసింది.

అత్త ముఖం పక్కకి తిప్పుకుంది. నానమ్మ విసనకర్ర పక్కన పెట్టి అత్తవైపు జరిగింది.

“నేనూ నోరు పారేసుకున్నానే పెపే,” అంది. “లోసా, రేపు మీ నాన్న పీట బాగుచేస్తాడు. పక్కన కూర్చుని నువ్వూ చెయ్యి వెయ్యి.”

“సరే నానమ్మా.”

లోసా లేచి, పక్కింటి పీట తెచ్చి అత్త ముందు పెట్టింది. అత్త కళ్లు తుడుచుకుంది.

“మా అన్నయ్య కోరింది తినలేక చచ్చాను. ఇలా తే ఆ చిప్ప!” అంటూ పీట మీద కూర్చుంది.

పీట కిర్రుమంది.

ఎవరూ నవ్వలేదు. లోసా కొబ్బరిచిప్ప అందించింది.