నిమ్మకాయ చేపకి ఏ బీరు?

బీరు కాచే ఆ అమ్మాయికి కోపం ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అందరూ అంటారు. ఆ రోజు మాత్రం ఆమె కోపానికి కారణం ఉంది.

రెస్టారెంట్ కిచెన్‌లో స్టీలు బల్ల మీద తను కాచిన బీర్లు రుచి చూడమని వరసగా పెట్టింది. గోధుమ బీరు, ఎర్ర బీరు, చేదు బీరు, నల్ల బీరు. చెఫ్ గోధుమ బీరు గ్లాసులో పోసుకుని, వాసన పీల్చి, ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు.

"అబ్బ! ఏం సువాసనండీ! నిమ్మకాయ చేపకి అచ్చంగా సరిపోతుంది."

మురిసిపోతూ ఆమె కూడా ఆ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంది. వెంటనే మొహం పక్కకి తిప్పేసింది. స్కూటర్ బుట్టలో ఎండ తగిలి సీసా చెడిపోయినట్టుంది, కుళ్ళిన ఉల్లిపాయ కంపు కొడుతోంది.

"ఇది సువాసనా? లేనిపోని పొగడ్తలకి నేనేమైనా మీ పెళ్ళిచూపులకొచ్చానా?"

"అది కాదండీ..."

"మరేంటి? నా సరుకంటే అంత చులకనా మీకు?"

సీసాలన్నీ టపటపా డబ్బాలో సర్దేసుకుంది. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డ అతను, గబగబా వెళ్ళి తలుపు మూసి వచ్చాడు.

"జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి నాకు వాసన తెలియట్లేదండీ. వెల్లుల్లి కూడా. ఉప్పు, పులుపు, తీపి, చేదు, కారం మాత్రం తెలుస్తున్నాయి."

ఆమె కోపం ఎటు పోయిందో పోయింది. "ఎవరెవరికి తెలుసు?"

"మీకు."

రెస్టారెంట్ అతని పిన్నిది. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ ఇక పొయ్యి దగ్గర నిలబడలేదు. వచ్చే ఆదివారం మధ్యాహ్నం ముప్ఫై మందికి ఒక్కో వంటకంతో ఒక్కో బీరు వడ్డించే విందు పెట్టింది. అది బాగా జరిగితే కిచెన్ అతనికే అప్పగిస్తుంది. లేదంటే బయటి నుంచి పెద్ద చెఫ్‌ని తెస్తుంది. అతనికి ఆ కిచెన్ తప్ప ఇంకో లోకం తెలియదు.

"సరే, ఆదివారం దాకా నా ముక్కు వాడుకోండి" అంది ఆమె.

రోజూ సాయంత్రం వచ్చేది. వాసన ఆమె చూసేది, రుచి అతను చూసేవాడు. మొదటిరోజే కారం కోడితో చేదు బీరు ఇచ్చాడు. పాపం, ఆమె చెవుల్లోంచి పొగలొచ్చాయి.

"చేదు కారాన్ని ఇంకా రెచ్చగొడుతుంది మహానుభావా! కాస్త తీపున్న ఎర్ర బీరు పొయ్యండి."

"మొహం భలే ఎర్రబడిందండీ. బాగుంది."

"బీరా?"

"అదీ బాగుంది."

వేపిన బంగాళాదుంపలకి బుడగలెక్కువున్న బీరు కావాలని కనిపెట్టింది అతనే. నూనె జిడ్డుని నాలుక మీంచి కడిగేస్తోందట. చాక్లెట్ కేకుకి నల్ల బీరు అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. బయట వాన దంచుతున్నా ఎవరికీ ఇంటికి వెళ్ళాలనిపించలేదు. శనివారానికల్లా మీరు కాస్తా నువ్వయింది.

ఆదివారం వడ్డించేవాళ్ళు చాలక గ్లాసులు నింపడానికి ఆమె హాల్లోకి వెళ్ళాల్సి వచ్చింది. సరిగ్గా అప్పుడే కిచెన్‌లో చేప మీద పోసే వెన్న మాడింది. అతనికి తెలియలేదు. హాల్లోకి వచ్చిన పళ్ళేల నుంచి మాడు వాసన తగలగానే ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి.

మొదటి ముక్క తిన్న పిన్ని మొహం చిట్లించింది. అతన్ని పిలిచింది.

"చేప మాడిందేంట్రా?"

అతను తెల్లబోయాడు. ఆమె గబుక్కున ముందుకొచ్చింది. "చేపది తప్పు కాదండీ. నా బీరే చెడిపోయింది. దాంతో తింటే ఏదైనా మాడినట్టే ఉంటుంది."

తన సరుకుని ఒక్క మాటంటే పోట్లాటకి దిగే మనిషి, ముప్ఫై మంది ముందు దాన్ని తిట్టుకుంది. అతనికి కళ్ళు చెమర్చాయి.

"అబద్ధం పిన్నీ. ఆమె బీరు బంగారం. మాడింది నా వెన్నే. రెండు నెలలుగా నాకు వాసన తెలియదు. కిచెన్ పోతుందని భయపడి నీ దగ్గర దాచాను."

పిన్ని కుర్చీ పట్టుకుని లేచింది.

"రెండు నెలలా! నేనేమైనా పరాయిదాన్నా? అంత కష్టం ఒక్కడివీ మోశావా?" అని అతని వీపు మీద ఒక్కటిచ్చి, ఆ చేత్తోనే దగ్గరికి తీసుకుంది. తర్వాత ఆమె వైపు తిరిగింది. "అమ్మాయీ, కిచెన్ వీడికే ఇస్తాను. నీ ముక్కు మా దగ్గరుంటుందా?"

"ముక్కొక్కటే కుదరదండీ. మనిషి కూడా వస్తుంది."

అతిథులు పగలబడి నవ్వారు. చేప మళ్ళీ చేశారు.

అందరూ వెళ్ళాక ఇద్దరూ సింకు దగ్గర గ్లాసులు కడుగుతున్నారు.

"నువ్వంటే నాకు చచ్చేంత ఇష్టం" అన్నాడతను. "కానీ ఇంత దగ్గరున్నా నీ వాసన ఎలా ఉంటుందో తెలీదు. ఎప్పటికీ తెలియకపోవచ్చన్నారు డాక్టరుగారు."

ఆమె తన మణికట్టు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"సబ్బు. ఉడికిన బార్లీ. కొంచెం నిమ్మకాయ."

"రేపు?"

"రేపటిది రేపు చెప్తాను."

"ఎల్లుండి?"

"ముసలిదాన్నయ్యేదాకా రోజూ చెప్తాను. ఏడవకుండా ఆ గ్లాసు ఇటివ్వు."