బ్రేకు మేడమ్ గొడుగు

"ఈ కళ్లద్దాలు పెట్టుకుని, గొడుగు మొహానికి ఎదురుగా పట్టుకుని బటన్ నొక్కండి. కళ్లు మూసుకోకుండా ఉంటే లారీ ఇప్పుడే లోడ్ చేయిస్తాను" అంది ఆమె.

అతను ఆ గొడుగుల కంపెనీలో సేల్స్ చూసుకుంటాడు. పిల్లల గొడుగుల లారీ ఎందుకు ఆగిందో తేల్చుకుందామని విసురుగా మెట్లు దిగి వచ్చాడు. ఆమె ఫ్లోర్ ఇన్‌చార్జి. ఏ చిన్న తేడా కనిపించినా పని ఆపేస్తుందని అందరూ చాటుగా బ్రేకు మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

"ఇంతేనా?" అని అతను కళ్లద్దాలు తగిలించుకుని, బాతు బొమ్మలున్న పసుపు గొడుగు అందుకున్నాడు. వేలు బటన్‌కి తగిలిందో లేదో, గొడుగు ఠప్పున విచ్చుకుంది. కళ్లు మూసుకోవడమే కాదు, వెనక్కి తూలి అట్టపెట్టెల మీద కూలబడ్డాడు.

ఫ్లోరంతా నవ్వింది. ఆమె మాత్రం నవ్వకుండా చెయ్యి అందించింది.

"మీరు పెద్దవాళ్లు, మూసుకున్నారు. చిన్నపిల్ల మూసుకోదు సార్. ఎలా విచ్చుకుంటుందో చూద్దామని ఇంకా దగ్గరికి వస్తుంది. కొత్త స్ప్రింగులు మరీ బిగుతుగా ఉన్నాయి."

"వానలు మొదలయ్యేలోపు ఇస్తామని షాపులన్నిటికీ మాటిచ్చాను మేడమ్. నా పరువేం కాను?"

"ఏ పిల్ల కన్నయినా పోతే, ఆ పరువుతో ఏం చేసుకుంటారు?"

అతనికి ఒళ్లు మండింది. అయినా ఆ రోజంతా ఆమె అందించిన చెయ్యే గుర్తొచ్చింది. దాంతో ఇంకాస్త మండింది.

మర్నాడు యజమాని ఇద్దర్నీ పిలిచాడు. పెద్దాయన మంచి కోపం మీద ఉన్నాడు.

"ఆ స్ప్రింగులు బిగించినవాళ్లని ఇంటికి పంపించెయ్యమ్మా. ఆ మాత్రం చూసుకోవద్దా?"

బిగించింది పిన్ని, ఆవిడ టేబుల్ వాళ్లూ. ఫ్లోర్‌లో అందరికన్నా పాత మనిషి కావడంతో ఆవిడ అందరికీ పిన్నే.

"వాళ్ల తప్పేం లేదు సార్. బిగుతుగా ఉన్నాయని పిన్ని నాతో చెప్పింది కూడా. పైపైన నాలుగు చూసి, పర్లేదు కానివ్వండి అన్నది నేనే. లారీ ఎక్కించేముందు మళ్లీ చూస్తే గానీ నాకు తెలిసిరాలేదు. పంపించాలంటే నన్ను పంపించండి" అంది ఆమె.

అతను తలతిప్పి ఆమె వైపు చూశాడు. తప్పుని పక్కవాళ్ల మీదకి నెట్టేసేవాళ్లని ఆఫీసుల్లో బోలెడుమందిని చూశాడు. నెత్తినేసుకుని నిలబడ్డ మనిషిని చూడటం ఇదే మొదలు.

"షాపులవాళ్లు ఆగుతారా? ఆర్డర్లన్నీ పోతే మాత్రం ఈ అమ్మాయి ఉద్యోగం ఉండదు" అంటూ పెద్దాయన అతని వైపు తిరిగాడు.

"ఆగుతారు సార్. నేను చూసుకుంటాను" అన్నాడతను. ఎలా చూసుకుంటాడో అతనికే తెలియదు.

కళ్లద్దాలు, బాతు గొడుగు బ్యాగులో వేసుకుని షాపు షాపుకీ తిరిగాడు. అందరితోనూ అదే పందెం. ఒక్కరూ నెగ్గలేదు. ఒక ముసలి షాపాయనైతే గుండె మీద చెయ్యేసుకుని, "మా మనవరాలికి ఈ బాతులదే తీసి పెడదామనుకున్నానయ్యా. చెప్పి మంచిపని చేశావు" అన్నాడు. ఒకరిద్దరు తిట్టిపోసి ఆర్డరు రద్దు చేశారు. మిగతావాళ్లు ఆగుతామన్నారు.

తిరిగొచ్చి, చొక్కా చేతులు మడిచి, పిన్ని పక్కన కూర్చుని స్ప్రింగులు మార్చడం మొదలెట్టాడు.

"బాబూ, నువ్వు మారుస్తున్నావా, విరుస్తున్నావా?" అంది పిన్ని.

"నేర్చుకుంటున్నాను పిన్నీ."

"స్ప్రింగు ఇక్కడుంది. నువ్వు చూస్తున్నది అటు."

అటు నిలబడి ఉన్నది ఆమె. ఆ పూట మొదటిసారి నవ్వింది.

ఆఖరి లారీ గేటు దాటుతుండగా వాన అందుకుంది. ఇద్దరూ వరండాలో మిగిలారు.

"మా అందరి పనీ నిలబెట్టారు. నా కోసం ఇన్ని తిట్లు తిన్నవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరు. మీ మేలు మర్చిపోలేను" అంది ఆమె.

"నేనే మీకు రుణపడ్డాను. ఆ లారీ ఆ రోజే వెళ్లుంటే, జీవితాంతం వానంటే భయపడేవాణ్ని."

పిన్ని వెనకనుంచి వచ్చి, ఒక బాతు గొడుగు ఆమె చేతిలో పెట్టింది. "అదేదో ఇప్పుడు చూడమ్మా, కళ్లు మూసుకుంటాడో లేదో."

ఆమె గొడుగు అతని మొహానికి ఎదురుగా పట్టింది. "కళ్లద్దాలేవి?"

"వద్దు."

ఆమె బటన్ నొక్కింది. గొడుగు మెత్తగా విచ్చుకుంది. అతను రెప్ప కూడా వేయలేదు.

"భయం వేయలేదా?"

"మీరు పాస్ చేసిన గొడుగు కదా" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "నా బతుక్కి కూడా ఇలాంటి బ్రేకు ఒకటి కావాలండీ. మీకు ఇష్టమైతేనే."

ఆమె గొడుగు తిప్పి బాతుల్ని చూసింది. "ఇష్టమే" అంది. "కానీ బ్రేకు అని పిలవడం మాత్రం మానెయ్యాలి."

"చల్లగా ఉండండి" అంది పిన్ని కళ్లు తుడుచుకుంటూ.

పిల్లల గొడుగు కింద ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కడ పడతారు? అతని కుడి భుజం, ఆమె ఎడమ భుజం బస్టాపు దాకా తడుస్తూనే ఉన్నాయి.