కుడి మలుపుల కారు

వెనక ఆ మోత!

మిర్తా అద్దంలోకి చూడక్కర్లేదు. ఆ ఇంజన్ గొంతు ఆమెకు తెలుసు.

నారింజ రంగు రేసు కారు. నంబరు ప్లేటు లేదు. నడివీధిలో... పట్టపగలు!

పగలైతే ఏం? ఈ అర్జెంటీనా ఊళ్లలో మధ్యాహ్నం కునుకంటే అర్ధరాత్రే. రొట్టెల కొట్టు, మాంసం కొట్టు, పోలీసు స్టేషన్... అన్నీ తిని పడుకున్నాయి.

పాత పికప్ ట్రక్కు మూలుగుతోంది. పక్క సీట్లో గోనెసంచి. సంచిలో షాక్ అబ్జార్బర్.

తమ్ముడు నావెల్ కారుది.

చివరి రేసులో కారు వెనకభాగం కూలబడింది. ఎదురుగా గోడ. అంతే!

జట్టు యజమాని పాల్యారో పత్రికలవాళ్లకి ఒక్క మాట చెప్పాడు. సస్పెన్షన్ సెట్ చేసింది ఆ కుర్రాడి అక్కే కదా, ఆవిడనే అడగండి అని.

ఎవరూ అడగలేదు. తీర్పే చెప్పేశారు. అందరి చేతులూ తిరిగే మాతే టీ గిన్నె ఆమె దగ్గరికొచ్చేసరికి ఆగిపోయేది.

మరి పనిలోంచి తీసేశాడా? తీస్తాడా! ఆమెలా కారుని సెట్ చేసేవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. బయటికి హంతకురాలు... లోపల మెకానిక్!

పళ్లు బిగబట్టి ఉండిపోయింది. నావెల్ కారు తుక్కు అదే షెడ్డులో తాళం వెనక ఉంది మరి.

ఇవాళ ఆ తాళం పగలగొట్టింది.

షాక్ అబ్జార్బర్ కింది బోల్టు రెండు ముక్కలు. ఒక ముక్క ఎటో పోయింది. నట్టు ఉన్న ముక్క ఇంకా అక్కడే ఇరుక్కుని ఉంది. తెగినచోట సగం గరుకుగా ఉంది, విరిగింది. మిగతా సగం నున్నగా...

రంపం కోత!

పక్క ఊళ్లో ప్రాసిక్యూటర్ ఉన్నాడు. ఆయన బల్ల మీద ఈ ఇనుము పడెయ్యాలి. తమ్ముణ్ణి చంపింది తన చెయ్యి కాదని తేలాలి. ఇంకేం అక్కర్లేదు ఆమెకి.

స్పీడ్ బ్రేకర్! పికప్ ఎగిరి పడింది. వెనక కారు పాకుతోంది. దాని కడుపుకీ రోడ్డుకీ మధ్య వేలెడు సందు. ఆ సందు పెట్టింది మిర్తాయే.

ఊరు దాటింది. సోయా చేల మధ్య నున్నటి తారు రోడ్డు.

ఇప్పుడు కారుది రాజ్యం!

ఢాం... వెనక అద్దం పగిలింది. నల్ల హెల్మెట్. కిటికీలోంచి చాచిన చెయ్యి. చేతిలో పిస్తోలు.

ఎవడు వాడు? కొత్త డ్రైవరే అయ్యుండాలి. ఎవరో పాల్యారో చెప్పలేదు. బరువు మాత్రం చెప్పాడు. అంత బరువున్న ఇసుక సంచులు సీట్లో పెట్టి, చక్రాల కింద కాటాలు పెట్టి, ఆ కారుని పోయిన వారమే సెట్ చేసింది మిర్తా.

ఇక్కడి ట్రాక్‌లో మలుపులు దాదాపు అన్నీ కుడికే. ఆ లెక్కనే చక్రాల మీద బరువు పంచింది. కుడికి తిప్పితే కారు రోడ్డుని కరుచుకుంటుంది.

ఎడమకి తిప్పితే?

ట్రాక్‌లో ఎవడూ అడగని ప్రశ్న అది.

అదిగో... ధాన్యం గోదాముల వైపు ఎడమ మలుపు.

ఆఖరి క్షణందాకా ఆగి స్టీరింగ్ లాగేసింది. పికప్ ఒరిగింది... నిలబడింది!

నారింజ కారు వెంటే తిప్పింది. తోక విసిరేసినట్టు బయటికి జారింది. కాలవ గట్టు తగిలింది. ఒక పల్టీ... చేలో తలకిందులు.

మిర్తా జాకీ రాడ్డు పట్టుకుని దిగింది. రెండో చేతిలో గోనెసంచి. అది వదిలే ప్రసక్తే లేదు.

లోపల బెల్టులకి వేలాడుతున్నాడు వాడు. హెల్మెట్ అద్దం పైకి తీశాడు.

“మిర్తా...”

ఎవారిస్తో!

ఆమె మొగుడు. అదే షెడ్డులో మెకానిక్.

టైరుకే గురిపెట్టానన్నాడు. ఆపడానికేనన్నాడు. పాల్యారో బతకనివ్వడు, ఆ సంచి నాకిచ్చి ఇంటికి పో, నేను చూసుకుంటానన్నాడు.

ఒక్క క్షణం నమ్మింది కూడా! ఇన్నేళ్ల కాపురం మరి.

వేళ్లు వాటంతట అవే సంచిలోకి పోయాయి. విరిగిన బోల్టు. నట్టు మీద గడ్డకట్టిన గ్రీజు. బొటనవేలితో తుడిచింది.

పసుపు గీత.

షెడ్డులో ఎవరు బోల్టు బిగిస్తే వాళ్ల రంగు గీత గియ్యాలి. నట్టు వదులైతే తిట్లు ఎవరికో తెలియాలిగా. మిర్తాది తెలుపు. ఈ చోట బోల్టు బిగించింది మిర్తా. తెల్ల గీత ఉండాలి!

పసుపు ఎవారిస్తోది.

ఆమె బోల్టు తీసేశాడు. రంపంతో సగం కోసిన బోల్టు బిగించాడు. అలవాటుకొద్దీ గీత కూడా గీశాడు!

“నీ గీతే,” అంది.

ఎవారిస్తో కళ్లు నట్టు మీద ఆగాయి. మొహం మారిపోయింది.

“ఎన్నాళ్లు పడుకోమంటావే కారు కింద? నావెల్ వేరే జట్టుకి పోతున్నాడని పాల్యారోకి మంట. పని చేసిపెట్టు, సీటు నీదే అన్నాడు. కాలో చెయ్యో విరుగుతుందనుకున్నా.”

“అయితే ఆ ఇసుక సంచులు నీ బరువా.”

పిస్తోలు లేచింది. “సంచి ఇటియ్యి.”

“బెల్టు విప్పుకుని రా. వచ్చి తీసుకో.”

తలకిందులైన కారులో ముందు ఒక చెయ్యి కప్పుకి ఆనించాలి. ఆ తర్వాతే బెల్టు. పిస్తోలు వదలడానికి వాడికి మనసొప్పలేదు. ఖాళీగా ఉన్న ఒక్క చేత్తో బకిల్ నొక్కాడు.

నెత్తి మీద పడ్డాడు.

ఢాం!

సోయా చేలోంచి పిట్టలు లేచాయి. మిర్తా తనని తాను తడుముకుంది. ఏమీ లేదు.

రక్తం వాడి తొడది.

పిస్తోలు లాగేసి దూరంగా విసిరింది. మోకాళ్ల మీద కూర్చుని, తన నడుం బెల్టు తీసి వాడి తొడ చుట్టూ వేసింది. బోల్టు బిగించినట్టు బిగించింది. వాడు కేక పెట్టాడు.

“చావకు,” అంది. “ప్రాసిక్యూటర్ ముందు నోరు విప్పకుండా చచ్చావో... చంపేస్తా.”