అక్క పేరు చెరిపిన మధ్యాహ్నం

అక్క లెక్కల ఫైలు తెరుచుకునేలోపు చెల్లెలు టీ తాగేసి, గ్లాసు కడిగి వచ్చింది. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇంటి ఖర్చంతా ఒకే ఫైల్లో పెట్టింది అక్క. పైగా ప్రతి ఖర్చుకీ బిల్లు ఫొటో అతికించింది. ఫైలు ఉబ్బి ఉబ్బి, కంప్యూటరు మెట్లెక్కిన ముసలాడిలా రొప్పుతోంది.

"మీ అక్క పోయి ఏడాదైనా ఇందులోంచి కదలడం లేదు," అన్నాడు బావ, సోఫాలో కాళ్లు బారజాపుకుని. "ఎక్కడ నొక్కినా ఆవిడే. తీసిపారెయ్."

"పాత సంవత్సరాలు ఇంకో ఫైల్లో దాద్దాం బావా. ముందు ఒక కాపీ తీస్తాను."

"ఉన్నదాన్నే మొయ్యలేక చస్తుంటే దానికో కవల పిల్లా? వద్దు. పేరుతో సహా పోవాలి."

చెల్లెలు మౌస్ అందుకుంది. అక్క నెలల తరబడి దగ్గింది. అన్నాళ్లూ "నాటకం" అన్నాడు ఈ మనిషి. చివరికి ఆస్పత్రికి తీసుకెళ్తే డాక్టరు ఒకటే అడిగాడు, ఇన్నాళ్లూ ఏం చేస్తున్నారని.

ప్రతి ఖర్చు పక్కనా 'ఎవరి కోసం' అని ఒక గడి ఉంది. అక్క పేరు చెరపబోతే, ఆమె ఖర్చుల్ని ఎవరి పేరులో కలపాలని ప్రోగ్రాం అడిగింది. చెల్లెలు నాలుగు కొట్లకు లెక్కలు చూస్తుంది. పని మానేసినవాళ్ల పేరును ఉన్నవాళ్ల పేరులో కలిపేయడం ఆమెకు రోజూ చేసే పనే. ఆలోచించకుండా బావ పేరు నొక్కేసింది.

తెర మీద ఆకుపచ్చ గీత పాకడం మొదలైంది. దాని కింద ఒక్కో ఖర్చూ కనబడి మాయమవుతోంది. పెద్ద ఫైలు కదా, నత్తనడక.

పన్ను పీకించినందుకు.

"అబ్బా," అని బావ దవడ పట్టుకున్నాడు.

మోకాలి పట్టీ.

అద్దంలో చూసుకుందామని లేవబోయి, అలాగే కూలబడ్డాడు.

బయట మబ్బు కమ్మింది. గదిలో వెలుగు తగ్గిపోయింది. ఎక్కణ్ణించో నొప్పి మందు వాసన... ఘాటుగా. అక్క రాసుకునేది. ఆ సీసా ఈ ఇంట్లో లేక ఏడాదైంది.

దగ్గు మందు.

బావ దగ్గాడు. పొడి దగ్గు. చివర్న చిన్న మూలుగు. ఆ మూలుగు చెల్లెలికి తెలుసు... అది అక్కది.

గీత పక్కన 'ఆపు' అనే బటన్ ఉంది. ఆమె బాణం గుర్తును దాని మీదికి తెచ్చింది. తెచ్చి, నొక్కలేదు.

"నీళ్లు... కాసిని నీళ్లివ్వు," అన్నాడు బావ గుసగుసగా.

"నాటకాలాడకు బావా."

తన గొంతు ఇంత చల్లగా ఉండగలదని ఆమెకు అప్పటిదాకా తెలియదు.

దగ్గు మందు. మళ్లీ దగ్గు మందు. ఆక్సిజన్ సిలిండరు.

బావ సోఫా మీంచి కిందికి జారాడు. పెదాలు నీలం తిరిగాయి. చెయ్యి చాపాడు. "అమ్మాయ్... ఆపు..."

ఆమె తెర మీదికి వంగింది. ఇక చాలనుకుంది. నొక్కేసింది.

తెర అడిగింది. 'ఆపితే ఇవన్నీ తిరిగి అక్క మీదికి వెళ్తాయి. ఆపాలా?'

అక్క. ప్రోగ్రాంలో ఉండేది ఆమె పేరు. 'అక్క' అని ఎవరూ రాయలేదు.

వెనక ఎవరో ఊపిరి పీలుస్తున్నారు. సన్నగా... కష్టపడుతూ... చెవి పక్కనే.

ఆమె వెనక్కి తిరగలేదు. బావ వైపూ చూడలేదు.

'వద్దు' నొక్కింది.

అంబులెన్సు. శ్మశానం ఖర్చు.

గీత చివరిదాకా చేరింది. నేల మీద దగ్గు ఆగిపోయింది. వెనక ఊపిరి మాత్రం ఒక్కసారి, నిండుగా, హాయిగా సాగి... అదీ ఆగింది.

తెర మీద కొత్త వరస ఒకటి తెరుచుకుంది. ఆ రోజు తేదీ. అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

చెల్లికి. చేసిన పనికి. ముట్టింది.

ఏం ముట్టిందో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

ఆమె మౌస్ మీంచి చెయ్యి తీసింది. వేలిముద్ర వేసినట్టు, బొటనవేలి నిండా నీలం సిరా. ఇంకా తడిగా ఉంది.