ముప్ఫై ఎనిమిది ఎంబీలు

“మూడొందల ఎంబీనా! అరచేతిలో పట్టే కంప్యూటర్ బోర్డుకి లైనక్స్ తయారుచేయమంటే, ఇల్లు ఖాళీ చేసి సామానంతా ఎక్కించారేంటండీ?”

బోర్డు డిజైన్ చేసింది ఆమె. దాని మీద నడిచే లైనక్స్ ఇమేజ్, అంటే సాఫ్ట్‌వేర్ అంతా కట్టిన మూట, తయారుచేసేది అతను. అక్కర్లేని ప్రోగ్రాములన్నీ కోయించి ప్రాణం తోడేస్తుందని ఆమెకు ‘కత్తెర’ అని పేరు పెట్టాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

“ప్రింటర్ డ్రైవరెందుకు? తీసేయండి.”

“ఉంటే ఏం పోయిందండీ?”

“బూటవడానికి నిమిషం పోతోంది. కోయండి.”

వారం రోజుల గొడవ తర్వాత ఇమేజ్ ముప్ఫై ఎనిమిది ఎంబీలకి దిగింది. ఆ వారంలోనే అతను ప్రేమలో పడ్డాడు. చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఒక పాత హార్డ్ డిస్క్ తెచ్చి అతని బల్ల మీద పెట్టింది.

“ఇందులో మా అమ్మ గొంతుంది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. నన్ను తిడుతుంటే సరదాకి రికార్డు చేసేదాన్ని. వేరే కాపీ లేదు. ఒకటి తీసిపెడతారా? మిమ్మల్ని నమ్మి ఇస్తున్నా.”

ఆమె భోజనానికి వెళ్ళింది. అతను డిస్క్ తగిలించాడు. ముందు కొత్త ఇమేజ్‌ని బోర్డు మెమరీ కార్డులోకి ఎక్కించేస్తే, ఆమె వచ్చేసరికి బోర్డు లేచి కూర్చుంటుంది, ఒక్క ‘శభాష్’ అయినా అంటుందని ఆశ పడ్డాడు. నిన్నటి కమాండునే మళ్ళీ పిలిచి ఎంటర్ కొట్టాడు.

కార్డు లైటు వెలగలేదు. డిస్క్ లైటు టపటపా కొట్టుకుంది.

తగిలించిన వరసలోనే కంప్యూటర్ వాటికి పేర్లు పెడుతుంది. నిన్న కార్డుకున్న పేరు ఇవాళ ముందుగా తగిలించిన డిస్క్‌కి వచ్చింది. అది చూసుకోకుండా వాళ్ళమ్మ గొంతు మీద లైనక్స్ రాసేశాడు. కేబుల్ పీకేలోపే పని పూర్తయిందని తెర మీద పడింది. తెరిచి చూస్తే లోపల తన లైనక్స్ ఫోల్డర్లే ఉన్నాయి.

‘పాత డిస్కండీ, తెరుచుకోలేదు’ అనేస్తే ఎవరికీ తెలియదు. ఆమె కూడా నమ్ముతుంది. నమ్ముతుందన్న సంగతే అతన్ని ఎక్కువ భయపెట్టింది. మెట్ల మీద ఆమె చెప్పుల చప్పుడు వినిపించింది.

“అయిందా?” అంటూ వచ్చింది.

“నేనే చెడగొట్టానండీ. ఇమేజ్‌ని కార్డు మీద కాకుండా దీని మీద రాసేశాను.”

ఆమె ముఖం పాలిపోయింది. పక్క కుర్చీ లాక్కుని, డిస్క్ మీద చెయ్యి వేసి కూర్చుంది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

చివరికి అడిగింది. “ఎంత మేర పోయింది?”

“మొదటి ముప్ఫై ఎనిమిది ఎంబీలు. మీరు కోయించకపోతే మూడొందలు పోయేవి. మిగతాది వెతికి తీసే ప్రోగ్రాం ఉంది. కానీ దొరుకుతాయని మాటివ్వలేను.”

“పెట్టండి,” అంది.

తెర మీద ‘దొరికినవి: సున్నా’ అని పడింది. పది నిమిషాలైనా సున్నాయే. పక్క కుర్చీలో ఆమె కొంగు కొస నలుపుతోంది. అతను తెరకేసి చూస్తూ కూర్చున్నాడు. అరగంటకి ఒకటి దొరికింది. ఫైలుకి పేరు లేదు, ఏదో అంకె ఉంది. ఆమె వేలు ప్లే మీద ఆగి, ఆగి, నొక్కింది.

“లేవవే మొద్దూ! బస్సెళ్ళిపోతోంది, ఇంకా అక్కడే ఉన్నావా? లే!”

అతను ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు.

ఆమె అతన్ని చూసి నవ్వింది. నవ్వుతూనే భోరుమంది.

“మా అమ్మ ఒక్క కేకకే లేచినవాణ్ణి నిన్నే చూశాను. నేనెప్పుడూ లేవలేదు,” అంది కళ్ళు తుడుచుకుంటూ.

మొదటిసారి ‘నువ్వు’ అంది.

“ఇంకోటి కూడా చెప్పాలి. దీనికంటే ఎక్కువ భయంగా ఉంది,” అంటూ కూర్చోబోయాడు.

“నిలబడే చెప్పు. అమ్మ కూడా వింటుంది.”

చెప్పాడు. తడబడుతూ, చివర ‘అండీ’ లేకుండా చెప్పాడు.

తెర మీద దొరికినవాటి అంకె పెరుగుతోంది. ఆమె దాన్నే చూస్తూ అంది.

“రెండు కాపీలు తీయి. ఒకటి నీ దగ్గరే ఉంచుకో. నన్ను నిద్ర లేపడానికి నీకు పనికొస్తుంది.”