పన్నెండో గుండుసూది

“అమ్మా, స్లాప్‌డాష్ పని నువ్వెక్కడైనా చూశావా?”

“అంటే ఏంటే?” అంది అమ్మ, కుట్టు మిషను ఆపకుండానే.

“పనిని హడావిడిగా మమ అనిపించేయడమట. చూసిందే రాయాలంది టీచర్. నేనెక్కడ చూశాను?”

ఈ పిల్ల ముద్దుపేరు సుడిగాలి. ఆ పిల్ల అలా అడిగితే ఎవరికైనా నవ్వాగదు.

అమ్మ ఒక బుల్లి గౌను చేతికిచ్చింది. “పన్నెండు గుండుసూదులున్నాయి. లెక్కపెట్టుకుంటూ తీసి ఈ ఖాళీ డబ్బాలో వెయ్యి.”

ఇంతలో బయట స్నేహితులు ఆటకి పిలిచారు. సుడిగాలి సూదులు చకచకా లాగేసింది. “అయిపోయిందమ్మా!”

చెప్పులేసుకుంటుంటే బేకరీ ఆంటీ వచ్చింది. భుజం మీద ఐదు నెలల పాప.

“గౌను అయిందా అక్కా? ఇక్కడే తొడిగేస్తాను. ఫోటో తీయించాలి.”

“ఒక్క నిమిషం,” అంది అమ్మ. ఏ బట్టనైనా తిరగేసి, కుట్ల వెంట చెయ్యి పోనిచ్చి చూశాకే ఇస్తుంది.

“స్స్!”

బొటనవేలి మీద రక్తపు చుక్క. గౌను మెడ మడతలో సూది!

సుడిగాలి డబ్బా తెరిచి లెక్కపెట్టింది. పదకొండే. పాప మెత్తటి మెడ వైపు చూసింది.

“నేనే ఆంటీ. లెక్కపెట్టకుండా తీశాను. సారీ.”

ఆంటీ పాపను గట్టిగా హత్తుకుంది. తర్వాత, “అక్కా, నీ చెయ్యి చల్లగా ఉండాలి,” అంది.

ఆంటీ వెళ్లాక సుడిగాలి అమ్మ వేలు పట్టుకుని ఏడ్చేసింది. “థాంక్స్ అమ్మా.”

“గుచ్చుకున్నందుకా?” అమ్మ నవ్వి, కూతురి కళ్లు తుడిచింది.

ఆ సాయంత్రం నోటుపుస్తకంలో ఇలా రాసింది: ‘నేను పదకొండు సూదులు తీసి అయిపోయిందన్నాను. అది స్లాప్‌డాష్ పని. పన్నెండోది పాపకి గుచ్చుకోకుండా మా అమ్మ వేలు అడ్డుపడింది.’

మర్నాడు అమ్మ ఒక చొక్కా ఇచ్చింది. పది సూదులు. బయట మళ్లీ కేకలు.

“రావే సుడిగాలీ! ఇంకా ఎంతసేపు?”

“ఎనిమిది... తొమ్మిది... పది.” డబ్బా మూత పెట్టింది. చొక్కా తిరగేసి, కుట్ల వెంట తన చెయ్యి మెల్లగా పోనిచ్చింది.

“వస్తున్నానే, ఉండండి! చొక్కాకి ఇంకో చెయ్యి మిగిలింది చూడటానికి.”