దేవిడీలో ఆదివారపు విహారం

ఆదివారం... అమావాస్య... అసుర సంధ్య వేళ! దబీర్‌పురా రైలు పట్టాలకు ఆవల కారుమేఘాలు దిక్కులను మింగేశాయి. పిడుగుల ప్రచండ నాదానికి నవాబుల నాటి పాత భవంతి, ఆ దేవిడీ గోడలు కంపించాయి. కూలిన మేడ అంచున గుడ్లగూబ ఒకటి వికృతంగా అరిచింది!

ఆ అరుపును లెక్కచేయకుండా కాశమ్మ విరిగిన దర్వాజా తోసుకుని లోపలికి నడిచింది. గౌలిపురలో బర్రెలను సాకి, ఇంటింటికీ పాలు పోసి పెంచుకున్న ఒక్కగానొక్క కూతురు శ్రవంతి లోపలే ఉంది!

"ఊరు దాటక్కర్లేదు, సెలవు పెట్టక్కర్లేదు... పక్కనే విహారం!" అంటూ ప్రేమ్‌రాజ్ అనేవాడు వారాంతాల్లో జనానికి పాతబస్తీ హవేలీలు, దిగుడుబావులు తిప్పి చూపిస్తాడు. శ్రవంతి అతని దగ్గర గైడుగా చేరింది. "మన ఇంటెనకనే ఇంత వింత ఉందని నాకే తెల్వదమ్మా" అని మొదట్లో మురిసిపోయేది. తర్వాత తిండి మానేసింది. నిద్రలో ఎవరిదో గొంతుతో ఏడ్చేది. ఆదివారం పొద్దు వాలితే చాలు, మెడకు తాడేసి లాగినట్టు వెళ్లిపోయేది. ఈసారి కాశమ్మ వెంటే వచ్చింది.

దేవిడీ నడుమ దిగుడుబావి. గట్టు మీద రక్తవర్ణపు ముగ్గు... ముగ్గు మధ్య నల్లదారం చుట్టిన మానవ కపాలం! దాని ముందు శ్రవంతి జుట్టు విరబోసుకుని, కనుగుడ్లు తేలేసి ఊగిపోతోంది. చుట్టూ విహారానికి వచ్చినవాళ్లు ఫోన్లు ఎత్తి వీడియోలు తీస్తున్నారు.

"మస్తుంది భాయ్! ఏం యాక్టింగ్!" ఒకడు ఈల వేశాడు.

కాశమ్మ నరనరం భగ్గుమంది.

"యాక్టింగా? నా బిడ్డ సస్తాంటే మీకు తమాషానారా? థూ!"

ధూపపు పొగలోంచి ప్రేమ్‌రాజ్ లేచాడు. టూరు పేరు ముద్రించిన టీషర్టు మీద ఎముకల మాల... కళ్లలో పైశాచిక కాంతి!

"వచ్చినవా? చూడు మంచిగ! ఈ బావిల దొరికిన పుర్రె ఇది. ఎవరో దిక్కులేని ఆడది. దాని ఆత్మను నీ బిడ్డ ఒంట్లకు దింపిన. ఈ పూజ ముగిస్తే ఇద్దరూ నా బానిసలే! పుర్రెను ముట్టినవో... మసైపోతవ్!"

వాడు మంత్రం అందుకున్నాడు. దర్వాజా దానంతటదే మూసుకుంది! జనం పాదాలు నేలకు అతుక్కుపోయాయి. ఫోన్లు జారిపడ్డాయి. ఈల వేసినవాడు "అమ్మా!" అని గావుకేక పెట్టాడు.

శ్రవంతి పెదవులు కదిలాయి. గొంతు మాత్రం ఆమెది కాదు.

"అమ్మా... కట్టు విప్పు..."

భయపడ్డవాళ్లనే ఆ మంత్రం బంధించగలదు. ఆ క్షణాన కాశమ్మ గుండెలో భయానికి చోటెక్కడిది? అంతా కోపమే! కాలకూటంలా మరుగుతున్న కోపం!

"నువ్వెవరి బిడ్డవో గాని... సచ్చినంక గూడ ఈ లంగగాడు నిన్ను పనికి పెట్టిండా?"

ఒక్క ఉదుటున కపాలాన్ని పట్టుకుంది. అరచేతులు చుర్రుమని కాలాయి. వదల్లేదు! నల్లదారాన్ని పళ్లతో పట్టి కొరికింది... ఫట్!

బావి గర్భం నుంచి ఘోరమైన హోరు లేచింది. చీకటిని చీల్చుకుంటూ స్త్రీ ఆకారం ఒకటి... ఆగ్రహమే రూపు దాల్చినట్టు! ప్రేమ్‌రాజ్ నాలుక తడబడింది. మంత్రం రాలేదు. మెడలోని ఎముకల మాల బిగుసుకుంది... ఇంకా... ఇంకా!

"వద్దు! ఇడిసిపెట్టు! నేను నీ యజమానిని!"

అదృశ్య హస్తాలు వాణ్ని మెట్ల మీదుగా ఈడ్చుకుపోయాయి. ఆఖరి ఆర్తనాదాన్ని బావి మింగేసింది.

దర్వాజా తెరుచుకుంది. జనం పడుతూ లేస్తూ పరుగెత్తారు. శ్రవంతి తల్లి ఒళ్లో వాలి, "అమ్మా, చేతులకేమైంది?" అంది. ఈసారి అది ఆమె గొంతే.

మర్నాడు పొద్దున్నే కాశమ్మ గుడ్డలు చుట్టిన చేతులతో ఆ కపాలాన్ని శ్మశానానికి తీసుకెళ్లింది. పక్కనే శ్రవంతి. గుంట తవ్విన కాటికాపరి అడిగాడు.

"ఎవరమ్మా? నీకేమైతది?"

రాత్రంతా చెమ్మగిల్లని కాశమ్మ కళ్లు అప్పుడు జలజలా వర్షించాయి.

"నా పెద్దబిడ్డ అన్నా... మెల్లగ పండబెట్టు."